గోడాఫీసు వారి ఇంగ్లిష్ ఉంగరం

ఉంగరం మళ్లీ బిగుసుకుంది. నూకరత్నం వేళ్లు వదులైపోయి, పెన్ను కాగితం మీద పడి బల్ల అంచు దాకా దొర్లింది.

"పన్నెండోసారండీ," అంది నూకరత్నం ఉక్రోషంగా. "జ్వరమొచ్చిందని సెలవు చీటీ రాయడానికి పన్నెండుసార్లా? ఆరో క్లాసులోనే రాశానండి ఇది, ఒక్క తప్పు లేకుండా."

"తప్పు లేదండీ, కానీ ఆ వాక్యం మీది కాదు," అంది డాక్టర్ ఇందుమతి. "'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అన్నది మీ మాస్టారు బోర్డు మీద రాసింది. మీకు జ్వరమొస్తే ఎలా ఉంటుందో అది రాయండి."

నూకరత్నం కాసేపు కిటికీలోంచి చూసింది. తర్వాత మెల్లగా ఇంగ్లిష్‌లో రాసింది: నిన్నటి నుంచి నాకు కాఫీ వాసన కూడా పడడం లేదు. ఈ రోజు ఆఫీసుకి రాలేను. ఉంగరం కిమ్మనలేదు.

ఈ ఉంగరం సంగతి చెప్పాలంటే ముందు ఆనాటి కాకినాడ సంగతి చెప్పాలి. అప్పటికి సముద్రం ఊళ్లోకి నాలుగు వీధులు జరిగి వచ్చింది. దాన్ని ఆపడానికి పదకొండు కిలోమీటర్ల గోడ, ఆ గోడకి తొమ్మిది గేట్లు, గోడని చూసుకోవడానికి ఒక ఆఫీసు ఉన్నాయి. ఆఫీసుకి పెద్ద పేరే ఉంది గానీ ఊరంతా గోడాఫీసు అనే అంటారు. గోడ కట్టించిన ప్రపంచ తీర మండలికి ఏడాదికోసారి ఇంగ్లిష్‌లో ఉత్తరం రాసి గేట్ల క్షేమం తెలియజెయ్యాలి. అది చేత్తోనే రాయాలి. ఎందుకంటే, ఉత్తరాలన్నీ కంప్యూటర్లే రాసి, వాటిని కంప్యూటర్లే చదివేసుకుని, మధ్యలో మనిషన్నవాడికి ఏ కబురూ తెలియకుండా పోయిన కాలం ఒకటి గడిచింది. దాంతో విసిగిపోయిన దేశాలన్నీ, ముఖ్యమైన కాగితం ఏదైనా సరే సర్టిఫికెట్ పొందిన మనిషి చేత్తో, సొంత మాటల్లో రాయాలని ఒప్పందం చేసుకున్నాయి.

నూకరత్నానికి ఆ సర్టిఫికెట్ కావాలి. ఆమెకి యాభై ఒకటో ఏడు నడుస్తోంది. ఇరవయ్యారేళ్లుగా గోడాఫీసులో టైపిస్టు, వేరేవాళ్లు రాసిందే టైపు చేసింది. రిటైరయ్యేలోగా ఉత్తరాల సూపరింటెండెంట్ కుర్చీలో కూర్చుని, కింద తన పేరున్న ఉత్తరం ఒక్కటైనా పంపాలని ఆమె కోరిక. అడ్వాన్స్‌డ్ రైటింగ్ పరీక్షకి మూడుసార్లు వెళ్లింది. మూడుసార్లూ గ్రామర్‌లో తొంభై ఎనిమిది, వ్యాసంలో సున్నా. పక్కన ఒకటే మాట: కంఠస్థం.

డాక్టర్ ఇందుమతి కనిపెట్టిన యంత్రం ఈ జబ్బుకే. చెవి వెనక అంటించే సెన్సర్, చూపుడు వేలికి ఉంగరం, అంతే సరంజామా. మనం రాసే వాక్యం మెదడులో రెండు చోట్ల నుంచి రావచ్చు. ఎప్పుడో బట్టీపట్టి దాచుకున్న చోటు ఒకటి, అప్పటికప్పుడు మాటా మాటా కూర్చుకునే చోటు ఇంకొకటి. ఇంట్లో రుబ్బిన పిండికీ కొట్లో ప్యాకెట్ పిండికీ తేడా నాలుక్కి తెలిసినట్టే, ఏ వాక్యం ఎక్కడ బయల్దేరిందో సెన్సర్‌కి తెలుస్తుంది. బట్టీ వాక్యమైతే ఉంగరం బిగుసుకుని, వేళ్లలోకి సన్నటి కరెంటు పంపి, రెండు సెకన్లు పట్టు వదిలిస్తుంది. నొప్పేమీ ఉండదు, కాస్త సిగ్గేస్తుంది.

గోడాఫీసు ఉత్తరాల సెక్షన్‌లోని నలుగురూ ఆ క్లాసుకి వచ్చారు. వాళ్ల కొలతలు చూస్తుంటే డాక్టర్ ఇందుమతికి ఒక చిత్రం కనిపించింది. పాసివ్ వాయిస్ వాక్యాలు చాలా భాగం బట్టీ చోటు నుంచే వస్తున్నాయి. చర్యలు తీసుకోబడుతున్నాయని రాసేటప్పుడు, తీసుకునేది ఎవరా అని రాసేవాడి మెదడు వెతకనైనా వెతకడం లేదు. ఆవిడ రెండుసార్లు కొలిచి చూసి, నోట్‌బుక్‌లో ఆ సంగతి రాసుకుని కింద గీత గీసుకుంది.

నలభై రోజులు వేసుకుంటే ఇక ఉంగరం అక్కర్లేదు, చెయ్యి దానంతటదే ఆగుతుంది. ఈత నేర్చినవాడు ఈత మరిచిపోలేనట్టు దీన్నీ మరిచిపోలేరు. ఈ చివరి సంగతి దరఖాస్తు వెనక చిన్న అక్షరాల్లో ఉంది. నలుగురూ అది చదవకుండానే సంతకం పెట్టారు.

నాలుగోసారి నూకరత్నానికి వ్యాసంలో తొంభై ఒకటి వచ్చింది. మిగతా ముగ్గురూ పాసయ్యారు. కుర్చీ వచ్చింది. ఆఫీసంతా కాజాలు పంచింది. మూడో రోజు ఇంజినీరు త్రినాథరావు గారు పిలిచారు.

"మండలికి పంపే గేట్ల ఉత్తరానికి డ్రాఫ్ట్ పెట్టేయండమ్మా. పోయినేడాదిది ఫైల్లో ఉంది. తేదీ మార్చడమే."

ఆ ఆఫీసులో పని అలాగే జరుగుతుంది. ఆఫీసరు రాయడు, డ్రాఫ్ట్ పెట్టమంటాడు. కిందివాళ్లు పాత ఫైలు తీసి తేదీ మారుస్తారు. తొమ్మిది గేట్లూ తనిఖీ చేయబడినవి, సంతృప్తికరంగా ఉన్నవి అని ఆ ఉత్తరం ఎనిమిదేళ్లుగా పోతోంది. నూకరత్నం 'ఆల్ నైన్ గేట్స్' దాకా రాసింది. చెయ్యి ఆగిపోయింది. నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టింది. అక్కడికే వచ్చి ఆగింది.

"చెయ్యాడట్లేదండి," అంది త్రినాథరావు గారి ముందు నిలబడి.

"డాక్టరుకి చూపించుకోండి."

"డాక్టరమ్మ వల్లే ఆడట్లేదండి."

ఆయన మిగతా ముగ్గురినీ పిలిపించారు. ఒకాయన చెయ్యి 'ఆల్' దగ్గరే మొరాయించింది.

"ఇంతకీ తనిఖీ ఎవరు చేశారండి?" అని అడిగింది నూకరత్నం. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. అది తెలిస్తే చెయ్యి ఆడుతుందేమోనని ఆశ.

"ఎవరో ఒకరు చేసే ఉంటారు. ఫిబ్రవరి నుంచి బోటు రిపేరులో ఉంది కదా." ఆయన గొంతు మారింది. "చూడండమ్మా, శుక్రవారంలోగా ఉత్తరం పోవాలి. పోకపోతే ఆ కుర్చీలో ఇంకొకరుంటారు."

నూకరత్నం తిన్నగా ఉంగరం క్లాసు జరిగిన లేబొరేటరీకి వెళ్లింది. "ఈ ఒక్క ఉత్తరానికీ విరుగుడు ఏదైనా ఇవ్వండి, మీకు పుణ్యముంటుంది. ఆ తర్వాత బతికున్నన్నాళ్లూ సొంతంగానే రాసుకుంటాను."

"విరుగుడు లేదండీ," అంది డాక్టర్ ఇందుమతి. తన యంత్రం బాగా పనిచేస్తున్నందుకు ఆవిడకి బాధ కలగడం అదే మొదటిసారి. "ఉన్నది ఒకటే దారి. మీరు వెళ్లి చూడండి. చూసింది రాయడానికి చెయ్యి ఆగదు."

"గేట్లా? ఇరవయ్యారేళ్లలో నేను గోడ ఎక్కలేదండి. మా ఆఫీసులో ఎవరూ ఎక్కలేదు. గోడ గురించి వచ్చే ఫైళ్లకే టైము చాలదు."

గురువారం పొద్దున్న ఇద్దరూ వెళ్లారు. బోటేమీ అవసరం పడలేదు, గోడకి ఇవతల ఇనప మెట్లున్నాయి. ఆరు గేట్లు బాగానే ఉన్నాయి. ఏడో గేటు వెనక జాలరిపేట, రెండు వందల ఇళ్లు. గేటు పక్కన చేపలు ఎండబెడుతున్న ఒకావిడ వీళ్లని చూసి లేచింది.

"గేటు కోసవా? కారతానే ఉంటాది తల్లీ, శివరాత్రి కాడి నుంచీ. మూడు అర్జీలెట్టాం. తగు సర్యలు తీసుకోబడునని కాయితం కూడా వచ్చింది, మా ఇంట్లో ఉంది."

ఆ కాగితం టైపు చేసింది నూకరత్నమే. ఎప్పుడు చేసిందో కూడా ఆమెకి గుర్తులేదు. ఇనప మెట్లు దిగి, గేటు అడుగున ఉన్న పగుల్లో చెయ్యి పెట్టింది. ఆటోలో తిరిగి రాగానే తన బల్ల దగ్గర కూర్చుని కాగితం తీసింది.

ఉత్తరం రాయడానికి పది నిమిషాలు పట్టింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

అయ్యా, నేను గురువారం పదకొండు గంటలకి ఏడో గేటు పగుల్లో చెయ్యి పెట్టాను. మోచేతి దాకా తడిసింది. ఫిబ్రవరి నుంచి ఈ గేటుని మా ఆఫీసులో ఎవరూ చూడలేదు. దీని వెనక రెండు వందల ఇళ్లున్నాయి. వాళ్ల అర్జీలకి జవాబులు టైపు చేసింది నేనే. తుఫాన్లు మొదలవకముందే రండి. బొడ్డు నూకరత్నం.

ఉత్తరాలు పంపేది సూపరింటెండెంటే కనక, అది శుక్రవారమే పోయింది. సోమవారానికల్లా మండలి ఇంజినీర్లు దిగారు. ఏడో గేటు ఎటని అడిగితే త్రినాథరావు గారు పడమర చూపించారు, సముద్రం లేని వైపు. వచ్చినవాళ్లు మర్యాదస్తులు కాబట్టి నవ్వలేదు. జాలరిపేట వాళ్లని మూడు వారాలు కాలేజీ హాస్టళ్లలో ఉంచి గేటు మార్చేశారు. కార్తీకంలో పెద్ద తుఫాను వచ్చింది. నీళ్లు కొత్త గేటు సగం దాకా లేచి, వచ్చిన దారినే పోయాయి.

ఇక్కడితో ఆగిపోతే అందరికీ బాగుండేది. కానీ త్రినాథరావు గారికి నిద్ర పట్టడం లేదు. నూకరత్నానికి ఛార్జి మెమో ఇచ్చి ఆ కుర్చీలోంచి లేపాలని పట్టుబట్టారు. మెమోకి డ్రాఫ్ట్ పెట్టమన్నారు. ఎవరు పెడతారు? మిగతా ముగ్గురూ 'క్రమశిక్షణను ఉల్లంఘించినందున' అని మొదలుపెట్టడం, పెన్ను జారవిడవడం. మెమో కూడా ముఖ్యమైన కాగితమే, సర్టిఫికెట్ ఉన్న చెయ్యే రాయాలి. త్రినాథరావు గారికి సర్టిఫికెట్ లేదు. వచ్చి మాట్లాడమని ఫైళ్ల అంచున 'ప్లీజ్ స్పీక్' అని తప్ప ఆయన ఇరవై రెండేళ్లుగా ఒక్క ఇంగ్లిష్ వాక్యం సొంతంగా రాయలేదు.

పంతం మనిషి చేత ఏదైనా చేయిస్తుంది. ఆయన సెలవు పెట్టి డాక్టర్ ఇందుమతి క్లాసులో చేరారు. మొదటి వారం 'రెస్పెక్టెడ్ సర్' దాటలేదు. రెండో వారం ఉంగరాన్ని తిట్టారు. మూడో వారంలో ఒక రోజు, చిన్నప్పుడు తనకి లెక్కలంటే భయముండేదని అరపేజీ రాసి, తానే ఆశ్చర్యపోయి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నలభై రోజులూ నిండాక పరీక్ష పాసయ్యారు. మర్నాడే ఆఫీసుకి వచ్చి, తలుపు వేసుకుని, నంబరు వేసిన మెమో కాగితం ముందు కూర్చున్నారు.

మూడు రోజులు కూర్చున్నారు. చివరికి చెయ్యి కదిలింది. నంబరు పడిన కాగితం చింపడానికి రూలు ఒప్పుకోదు గనక, అది అలాగే నూకరత్నం బల్ల మీదకి వచ్చింది.

శ్రీమతి నూకరత్నం చేసిన తప్పేమిటో రాద్దామని మూడు రోజులుగా ప్రయత్నిస్తున్నాను. దొరకడం లేదు. కోపం మాత్రం ఉంది. నేను వెళ్లాల్సిన చోటికి ఆమె వెళ్లింది. దీనికి ఆమె ఏమంటుందో ఏడు రోజుల్లోగా నాకు రాయాలి.

నూకరత్నం దాన్ని రెండుసార్లు చదివింది. అందులో ఒక్క బట్టీ వాక్యమూ లేదని వెంటనే గ్రహించింది. పెన్ను తీసి, ఎక్కడా ఆగకుండా, కింద సంజాయిషీ రాసింది.

అయ్యా, నాక్కూడా మీ మీద కోపం వచ్చింది. మీకు మెమో ఇచ్చే అధికారం నాకు లేదు, అంతే తేడా.