అగ్లాయా బామ్మకు పది ఇంజెక్షన్లు

“ఆ కిటికీ ఎవరు తెరిచారు?” అని అరుస్తూ సెవెరిన్ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాడు.

“నేనే,” అంది మంచం పక్కన సిరంజి పట్టుకుని నిలబడ్డ అమ్మాయి. “గదిలో గాలి ఆడక్కర్లేదా?”

“తలుపు కూడా తెరిచే ఉంది! అటూ ఇటూ గాలి కొడితే మా బామ్మ ఏమైపోవాలి?”

“జూలై నెలండీ ఇది.”

“గాలికి నెలలు తెలుస్తాయా?” అంటూ కిటికీ ధడాల్న మూసేశాడు.

యాషి ఊళ్ళో తలుపుకీ కిటికీకీ మధ్య దూసుకుపోయే గాలికి భయపడనివాళ్ళు లేరు. చెవిపోటు, పంటినొప్పి, మెడ పట్టేయడం, అన్నీ దాని పాపమే. వీళ్ళుండే అపార్ట్‌మెంటు మొత్తంలో దాన్ని లెక్కచెయ్యని మనిషి రెండో అంతస్తు ఇలింకా ఒక్కతే. నర్సింగ్ స్కూల్లో రెండో ఏడు చదువుతోంది. ఆ సంగతి బయటికి పొక్కిన రోజు నుంచీ, సూది పడాల్సిన ఇరుగుపొరుగంతా ఆమె గుమ్మం ముందే. తుంటి ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన అగ్లాయా బామ్మకైతే రోజుకొకటి చొప్పున పది ఇంజెక్షన్లు రాశారు.

“వీడి మాటలు పట్టించుకోకు అమ్మాయ్,” అంది బామ్మ. “మా మనవడు చరిత్రలో డిగ్రీ చేశాడు. ఏ యుద్ధం ఏ తారీఖున జరిగిందో గడగడా చెబుతాడు. అమ్మేది మాత్రం ఫోన్లకి తొడుగులు.”

సెవెరిన్ మొహం కందగడ్డయింది.

“నాది ఫిలాసఫీ డిగ్రీ లెండి,” అంది ఇలింకా.

“మరి ఈ సూదులేమిటి?” అన్నాడు సెవెరిన్.

“మనిషంటే ఏమిటని మూడేళ్ళు చదివాను. ఆ మనిషి పొద్దున సూప్ తాగాడో లేదో కనుక్కోవాలనిపించింది.”

ఆ మాటకి సెవెరిన్ మనసు పారేసుకున్నాడు. మరుక్షణం సూది చూసి స్పృహ కూడా పారేసుకున్నాడు.

మర్నాటి నుంచి ఇంజెక్షన్ అవుతున్నంతసేపూ గోడవైపు తిరిగి నిలబడేవాడు. అయ్యాక బామ్మని నడిపించడం అతని పని. “లే బామ్మా, కోట ముట్టడికి!” అంటూ మంచం నుంచి తలుపుదాకా ఒక యుద్ధం, తలుపు నుంచి వంటింటిదాకా ఇంకో యుద్ధం కథ చెప్పేవాడు. బామ్మ తిట్టుకుంటూనే నడిచేది. ఇలింకా వెళ్తానంటూనే గుమ్మంలో నిలబడి వినేది.

మంగళవారం, ఎనిమిదో ఇంజెక్షన్ అయ్యాక, సెవెరిన్ ధైర్యం చేశాడు.

“నేనూ మీ స్కూల్లో చేరదామనుకుంటున్నాను. శుక్రవారమే ఆఖరు తేదీ.”

“ఎందుకూ?”

“ఊరికే... మంచి వృత్తి కదా.”

“సూది చూస్తే పడిపోయేవాళ్ళకా? నా కోసమైతే చేరకండి. పొద్దున్నే ఆరింటికి రోగుల బెడ్‌పాన్లు తీయాలి. అప్పుడు పక్కన నేనుండను. నెల తిరక్కుండా మానేస్తారు, ఆ పాపం నాకు చుట్టుకుంటుంది. నన్ను చూసి బతుకు నిర్ణయించుకునే మనిషి నాకొద్దు.”

ఆమె కాదన్నందుకు సెవెరిన్‌కి బాధేసింది. ఆమె చెప్పింది నిజమైనందుకు ఇంకా బాధేసింది.

శుక్రవారం మధ్యాహ్నం ఇలింకా వచ్చేసరికి అతను ఇంట్లో లేడు.

“ఏదో కాలేజీలో కాగితాలివ్వాలని పోయాడు,” అంది బామ్మ.

ఇలింకాకి ఒళ్ళు మండిపోయింది. అతను గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టగానే అందుకుంది.

“అంత చెప్పినా వినవా? ఎంత మొండి మనిషివి! నా స్కూల్లో కనబడ్డావంటే...”

“నీ స్కూలు కాదు,” అన్నాడతను రసీదు చూపిస్తూ. “ఫిజియోథెరపీ.”

“అదెందుకు?”

“బుధవారం బామ్మ నా సాయం లేకుండా వంటింటిదాకా నడిచింది. నేను మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను, సంతోషంతో. రెండేళ్ళు ఫోన్ తొడుగులు అమ్మాను, ఒక్కనాడూ అలా అనిపించలేదు. ఇది నీ కోసం కాదు ఇలింకా. నువ్వు మళ్ళీ నా మొహం చూడకపోయినా చేరతాను.”

ఇలింకా తిడదామని దాచుకున్న మాటలన్నీ అలాగే మిగిలిపోయాయి.

“అవునమ్మాయ్,” అంది బామ్మ తీరిగ్గా. “పది ఇంజెక్షన్లూ నిన్నటితో అయిపోయాయి కదా. ఇవాళెందుకొచ్చావు?”

“బీపీ... చూద్దామని.”

“మిషనేదీ?”

ఇలింకా చేతులు ఖాళీగా ఉన్నాయి. చెవులదాకా ఎర్రబడింది. బామ్మ వాకర్ అందుకుని, “సూప్ పొంగుతున్నట్టుంది” అని గొణుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

“మిషన్ లేకపోతే నాడి చూడొచ్చుగా,” అంటూ సెవెరిన్ చెయ్యి చాపాడు.

ఆమె అతని మణికట్టు పట్టుకుని గోడ గడియారం వైపు చూసింది. నిమిషమైంది. రెండయ్యాయి.

“ఎంత?” అన్నాడు మెల్లగా.

“లెక్క తప్పింది,” అంది ఇలింకా, చెయ్యి వదలకుండా. “నువ్వంటే ఇష్టం సెవెరిన్. కదలకు, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టనీ.”