ఎడం గడిలో గీత

లెక్కలక్కకి నలభై మూడేళ్లు. టీ ముందు పెట్టుకుని, పూర్తిగా చల్లారాక ఒక్క గుక్కలో తాగేస్తుంది. అసలు పేరు జీతం కాగితం మీద భద్రంగానే ఉంది. పద్దెనిమిదేళ్లుగా చీమల్ని లెక్కపెట్టీ పెట్టీ ఈ పేరు అతుక్కుపోయింది.

పరిశోధనశాల నేలమాళిగలో కిటికీల్లేని గది ఆమెది. బల్ల మీద పంగలకర్రలా రెండుగా చీలిన గాజు గొట్టం. ఈ చివర ఒక చీమని వదలాలి. అది చీలిక దగ్గర ఎడమకి తిరిగిందా, కుడికి తిరిగిందా చూడాలి. అంతే పని. కొత్త చోట చీమలకి ఎడమ పక్కకి కాస్త మొగ్గు ఎక్కువని డాక్టరుగారి సిద్ధాంతం. డాక్టరంటే మనుషుల డాక్టరు కాదు, చీమల డాక్టరు. కళ్లు పోగొట్టుకునేది ఆడవాళ్లు, వ్యాసం మీద పేరు ఆయనది. ఎర్ర వెలుతురు చీమలకి సరిగా ఆనదు కాబట్టి గదిలో ఉన్నది ఒక్క ఎర్ర బల్బు. పైన మిట్టమధ్యాహ్నమైనా కింద అంతే.

ఒకరు చూసి చెప్పాలి, ఒకరు రాయాలి. పదహారేళ్లు చూసింది ఆ గదిలో ఆమెకన్నా ముందు నుంచీ పనిచేస్తున్న పెద్దామె, రాసింది లెక్కలక్క. "ఎడం" అంటే ఎడం గడిలో గీత. "కుడి" అంటే కుడి గడిలో గీత. రెండేళ్ల కిందట ఒకనాడు పెద్దామె గొట్టం మీదికి వంగి "ఎడం..." అంది. లెక్కలక్క గీత పెట్టింది. తర్వాతి మాట రాలేదు. తలెత్తి చూసేసరికి పెద్దామె ప్రాణం పోయి ఉంది. గుండె అన్నారు. డాక్టరుగారు ఆ గీతని కూడా లెక్కలో కలుపుకున్నారు.

ఆ కుర్చీలో ఇప్పుడు లెక్కలక్క చెల్లెలు. ఇరవయ్యారేళ్లది. అమ్మ పోయాక అక్క చేతుల్లోనే పెరిగింది. ఈ ఉద్యోగం ఇప్పించిందీ అక్కే.

"ఎడం," అంది చెల్లెలు ఆ మధ్యాహ్నం. "మళ్లీ ఎడం. ఏంటక్కా, ఇవన్నీ నాలాగా ఎడంచేతివాటమేనా? బళ్లో స్కేలుతో కొట్టి మార్పించేవాళ్లు వీటికి లేనట్టున్నారు."

"నోరు కాదు, కళ్లు పెట్టు."

నలభై చీమలు. నలభయ్యీ ఎడమకే. ఫోన్ చేస్తే డాక్టరుగారు నవ్వారు. "ఇద్దరాడవాళ్లు కూర్చుంటే కబుర్లే కానీ లెక్కలుంటాయా? గొట్టం కడిగి మళ్లీ చెయ్యండి. అయ్యేదాకా పైకి రావద్దు."

కడిగారు. ఎవరైనా తోసుకొస్తే వెలుతురు పడుతుందని తలుపుకి లోపలి గడియ పెట్టారు. మళ్లీ నలభై చీమలు. మళ్లీ అన్నీ ఎడమకే.

"అక్కా." చెల్లెలి గొంతు తగ్గింది. "ఎడం డబ్బా చూడు."

గొట్టం చివర చీమలు వచ్చి చేరే డబ్బా అది. మూత బిగించే ఉంది. లోపల ఒక్క చీమ లేదు. ఈ విడతలో నలభై వెళ్లాయి. ఒక్కటీ చేరలేదు. గొట్టం కూడా ఖాళీ.

గదిలో పులుపు వాసన మొదలైంది, వేళ్ల మధ్య చీమని నలిపితే వచ్చే వాసన. ముందు సన్నగా, తర్వాత ముక్కుపుటాలు మండేంతగా. గోడ వారగా పేర్చిన గాజుపెట్టెల్లో వేల కాళ్ల చప్పుడు, ఇసుక జారుతున్నట్టు ఎప్పుడూ ఉండేదే. అది టక్కున ఆగిపోయింది.

బల్బు ఆరిపోయింది.

కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి.

"నేను తలుపు తీస్తా," అని చెల్లెలు లేచింది. బల్లకీ తలుపుకీ మధ్య పొడుగాటి బీరువా ఒకటి అడ్డం. దాన్ని ఎడమ నుంచి చుట్టినా, కుడి నుంచి చుట్టినా ఆరు అంగల్లో తలుపే. "ఏ పక్క నుంచి వెళ్లనక్కా?"

అప్పుడు వినిపించింది. లెక్కలక్క చెవి పక్కనే. పదహారేళ్లు విన్న గొంతు.

"ఎడం..."

లెక్కలక్కకి భయం వెయ్యలేదు. వేసినా బాగుండేది. పెద్దామె దారి చూపిస్తోందనుకుంది. ఆ గొంతు ఆ మాటంటే మారు ఆలోచించని అలవాటు ఆమెది.

"ఎడం పక్క నుంచి వెళ్లు," అంది.

చెల్లెలు నడిచింది. లెక్కలక్క అడుగులు లెక్కపెట్టింది. ఒకటి... రెండు... ఆరు. గడియ చప్పుడు రాలేదు. ఏడు... ఎనిమిది... పద్నాలుగు.

"అక్కా... బీరువా అయిపోవట్లేదు."

"వెనక్కి వచ్చెయ్."

"వస్తూనే ఉన్నా."

అడుగులు దూరమవుతున్నాయి.

లెక్కలక్క కుడి పక్క నుంచి పరుగెత్తింది. ఆరో అంగకి తలుపు తగిలింది. తడిమింది. పెట్టిన గడియ పెట్టినట్టే ఉంది. బీరువా ఎడం చివరకి వెళ్లి, చీకట్లోకి చెయ్యి చాపింది. "ఇదిగోనే, నా చెయ్యి. పట్టుకో."

"ఎక్కడక్కా... నువ్వు నా వెనకాల మాట్లాడుతున్నావు..."

ముప్ఫై ఎనిమిది... ముప్ఫై తొమ్మిది... ఆ తర్వాత వినపడలేదు.

చెవి పక్కన మళ్లీ అదే గొంతు. ఈసారి ఏడుస్తూ.

"ఎడంగా ఉండండే... దానికి దూరంగా ఉండండే... ఆ రోజూ అదే చెప్పబోయాను..."

బల్బు వెలిగింది. బీరువా పక్కన ఆరు అంగల సందు. అందులో ఎవరూ లేరు.

పోలీసులొచ్చారు, గోడలు కొట్టి చూశారు. "పెళ్లికాని పిల్ల. ఎవడితోనో పోయుంటుంది," అన్నారు. లోపల పెట్టిన గడియ సంగతి చెబితే, పోదలుచుకున్న ఆడపిల్లకి గడియ అడ్డమా అని ఒకడు నవ్వాడు. ఆ మాటే కాగితం మీదికెక్కింది. మూడు గంటలు నిలబెట్టాక లెక్కలక్క దాని మీద సంతకం పెట్టింది.

ఆ రోజు నుంచి ఆ గొట్టంలో ఏ చీమా ఎడమకి తిరగలేదు. చీలిక దాకా వస్తుంది. ఆగుతుంది. మీసాలు ఎడమ పాయలోకి చాపుతుంది. లోపల ఎవరో నిలబడి తోలినట్టు, గబుక్కున కుడికి మళ్లుతుంది.

ఈ సంగతి తెలిస్తే డాక్టరుగారు ఎందుకో తేల్చడానికి ఇంకో పిల్లని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెడతారు. లెక్కలక్క ఎవర్నీ గదిలోకి రానివ్వలేదు. రిటైరయ్యే దాకా, పదిహేనేళ్లు, ఒక్కతే కూర్చుని, ఎడమకి తిరగని చీమలకి ఎడం గడిలో గీతలు పెట్టింది.