రొట్టెలో గాజుపెంకు

ఆ శనివారం పొద్దున్నే డిటెక్టివ్ మిస్ హారియట్ డేన్ ఆఫీసు మెట్లెక్కి వచ్చినావిడ, కుర్చీ చూపించినా కూర్చోలేదు. యాభై దాటిన మనిషి. తలచుట్టూ నల్ల శాలువా, చేతిలో చిన్న సంచి. వెనక తలుపు మూసి ఉందో లేదో రెండుసార్లు తిరిగి చూసుకుని అప్పుడు నోరు విప్పింది.

"నా పేరు బెర్టా లిండ్‌నర్ అండీ. మార్టన్ నుంచి వచ్చాను. మా ఆయనకి అక్కడ రొట్టెల కొట్టు ఉంది. రేపు రాత్రిలోగా ఊరొదిలి పోకపోతే ఒళ్ళంతా తారు పూసి ఊరేగిస్తామన్నారండీ ఆయన్ని."

మూలన కూర్చుని రాసుకుంటున్న సహాయకుడు లూథర్ ప్యాక్స్‌టన్ పెన్సిలు ఆగిపోయింది. ఆవిడ మాటలో జర్మన్ యాస ఉంది. అది 1918 ఏప్రిల్, అమెరికా జర్మనీతో యుద్ధంలో ఉన్న కాలం. అయోవాలో ఆ యాస చెవిని పడితే చాలు, నలుగురూ మాటలాపి తిరిగి చూసే రోజులు. బళ్ళలో జర్మన్ పుస్తకాలు పోగుపెట్టి తగలబెట్టారు. పాపం, పులవబెట్టిన క్యాబేజీ ఏం నేరం చేసిందో గాని జర్మన్ వంటకమని దానికీ పేరు మార్చేశారు. లూథర్ ఆ నలుగురిలో ఒకడు. ఒకప్పుడు బడిపంతులు. చదునుపాదాలని సైన్యం వాళ్ళు వెనక్కి పంపేసిన దగ్గర్నుంచీ అతని దేశభక్తికి పట్టపగ్గాలు లేవు. కోటుకి, యుద్ధ బాండ్లు కొన్నవాళ్ళకిచ్చే బిళ్ళ ఒకటి చాలక రెండు తగిలించుకుని తిరిగేవాడు.

మిస్ డేన్ మాత్రం బెర్టా చేతిలో సంచి తీసుకుని బల్లమీద పెట్టింది. "కూర్చోండమ్మా. మొదటినుంచీ చెప్పండి."

గురువారం మధ్యాహ్నం మార్టన్ స్టేషన్లో సైనికుల రైలు ఆగింది. తూర్పుకి వెళ్ళి ఓడెక్కాల్సిన కుర్రాళ్ళు. ఊరి ఆడవాళ్ళు మామూలుగానే కాఫీ, రొట్టె అందించారు. ఒక కుర్రాడు రొట్టె కొరికాడో లేదో నోట్లోంచి బొటబొటా నెత్తురు. చూస్తే రొట్టెలో గాజుపెంకు. ఇంతలో కూత వేసి రైలు కదిలిపోయింది. ఆ రొట్టెలు వచ్చింది లిండ్‌నర్ కొట్టు నుంచి. ఇంకేం కావాలి? సాయంత్రానికల్లా అతన్ని ప్లాట్‌ఫారం మీదికి ఈడ్చుకొచ్చి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి జెండాని ముద్దు పెట్టించారు. కొట్టు గోడలకి పసుపు రంగు కొట్టారు. ఆ రంగు కొడితే ఆ ఇంట్లో ద్రోహి ఉన్నాడని అర్థం.

"మీ ఆయన ఏమంటారు?" అని అడిగింది మిస్ డేన్.

"అదేనండీ నా భయం. ఆయన ఏమీ అనడు. నేను చెయ్యలేదని నాతో కూడా అనడు." ఆ మాట అంటున్నప్పుడు సిగ్గుతో బెర్టా తల నేలకి వాలిపోయింది.

మధ్యాహ్నం బండికి ముగ్గురూ మార్టన్ చేరారు.

ఆగస్ట్ లిండ్‌నర్ కొట్లో కొనేవాళ్ళు లేరు. అయినా అతను పిండి జల్లిస్తున్నాడు. జల్లించిన పిండే మళ్ళీ జల్లెట్లో పోస్తున్నాడు.

"గురువారం నుంచీ ఇదే పని," అంది బెర్టా మెల్లగా.

"రొట్టెలో ఏమేం కలుపుతారు లిండ్‌నర్ గారూ?" అని అడిగింది మిస్ డేన్.

"సర్కారు కలపమన్నవేనమ్మా. మొక్కజొన్న, ఓట్స్, బార్లీ. గోధుమలు సైన్యానికి కావాలిట. ఉత్త గోధుమపిండితో చేస్తే కొట్టు మూయించేస్తారు కదా." ఒక రొట్టె కోసి చూపించాడు. లోపల మట్టిరంగులో ఉంది.

"గాజు ఎలా వచ్చిందంటారు?"

అతని చేతిలో జల్లెడ ఆగిపోయింది. తర్వాత మళ్ళీ జల్లించడం మొదలుపెట్టాడు.

ఈలోగా లూథర్ ఊరికే కూర్చోలేదు. పిండి డబ్బా వెనక్కి వంగి చూసి, "మేడమ్" అని పిలిచాడు. డబ్బా వెనక సందులో, గోడవారగా, పగిలిన దీపం చిమ్నీ ముక్కలున్నాయి. ఆగస్ట్ మొహం పాలిపోయింది. లూథర్ నెత్తిన పాలు పోసినట్టయింది. దొరికాడు దొంగ అనుకున్నాడు. అలా అనుకున్నందుకు మర్నాడు తనని తానే అసహ్యించుకుంటాడని అప్పటికి తెలియదు.

మిస్ డేన్ ఒక ముక్క ఎత్తి వెలుతురుకి పెట్టి చూసింది. ఉల్లిపొరంత పలచగా, ఏ రంగూ లేకుండా ఉంది. జేబురుమాల్లో చుట్టుకుంది.

వీధిలోకి వచ్చాక లూథర్ ఉండబట్టలేకపోయాడు. "ఇంక ఏం కావాలి మేడమ్? తేలిపోయినట్టే కదా?"

"అతను చేసి ఉంటే బాగుండునని ఉందా లూథర్, నీకు?"

లూథర్ చేతిలో కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. స్టేషన్ దాకా ఆవిడ వెనకే నడిచాడు.

స్టేషన్ మాస్టరు భార్య మేబెల్ ట్విగ్ కాఫీ గిన్నెలు తోముతోంది. మిగిలిన రొట్టెలేవని మిస్ డేన్ అడిగింది.

"ఎక్కడివండీ! ఇంకే పిల్లాడి నోట్లోనూ పడకూడదని పర్సెల్ గారు అప్పటికప్పుడే పొయ్యిలో వేసేశారు."

"ఒక్కటి కూడా మిగల్లేదా?"

మేబెల్ మొహం చెవుల దాకా ఎర్రబడింది. తడిచేతులు పావడాకి తుడుచుకుంటూ నిలబడిపోయింది.

"ఒక్క ముక్క ఉందండీ. తిందామని జేబులో వేసుకున్నాను. అలాంటి రొట్టె చూసి ఎన్నాళ్ళయిందో. తర్వాత చూస్తే అందులోనూ గాజు ఉంది. సైనికుల తిండి కాజేసిందంటారని ఎవరికీ చెప్పలేదు. నలుగురికీ తెలిస్తే తల కొట్టేసినట్టవదూ?"

అలమరలోంచి కాగితం పొట్లం తెచ్చింది. ముక్క ఎండిపోయింది గాని, పాలలా తెల్లగా ఉంది. మిస్ డేన్ దాన్ని విరిచి గాజుపెంకు బయటికి తీసింది. గోరంత ఉంది. మందంగా, లేత నీలంలో కొంచెం ఆకుపచ్చ కలిసినట్టుంది. ఒకపక్క వంపు తిరిగిన చిన్న గట్టు ఉంది.

ఇక పర్సెల్ గారిల్లు. హోరేస్ పర్సెల్ ఊళ్ళో కలప వ్యాపారి, ఊరి రక్షణ సంఘానికి పెద్ద. లిండ్‌నర్‌ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టింది ఆయనే. ఆయన భార్య ఎలినార్ స్టేషన్లో ఆడవాళ్ళందరికీ పెద్దదిక్కు. వీధి కిటికీలో, 'ఈ ఇంట్లో పిండి పొదుపుగా వాడతాం' అన్న ప్రతిజ్ఞ కార్డు దేవుడి పటంలా వెలుగుతోంది. ఇంట్లో పిండి దాచుకోవడం శత్రువుకి పెట్టడమేనని ఊరంతా పోస్టర్లంటించింది పర్సెల్ గారే.

"రొట్టెలు మీరే కాల్చేశారట కదా?" అంది మిస్ డేన్.

"మరేం చెయ్యమంటారు? తిని చావమంటారా కుర్రాళ్ళని? డిటెక్టివులు అక్కర్లేదమ్మా దీనికి. ఆ జర్మన్‌వాడి నోరు చూడండి, మూగనోము పట్టాడు. నిజాయితీపరుడైతే నోరు పెగలదూ?"

ఎలినార్ కాఫీ పోస్తోంది. కుడిచేతి వేళ్ళకి గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి.

"చేతికేమయిందమ్మా?"

"గులాబీ కొమ్మలు కత్తిరించానండీ," అంది ఆవిడ. కప్పు అంచు దాటి కాఫీ సాసర్లోకి పొర్లింది.

తిరిగి వెళ్ళేటప్పుడు మిస్ డేన్ పెరటి దారిన వెళదామంది. వెనక అరుగు మీద, పళ్ళు నిలవ చేసుకునే గాజుసీసాలు కడిగి బోర్లించి ఉన్నాయి. అవి నీలంగా, మందంగా ఉండే మరమూతల సీసాలు. ఆవిడ బూటు తాడు కట్టుకుంటున్నట్టు వంగి, ఒక సీసా మూతి చుట్టూ ఉన్న మరలో గోరు పెట్టి గీరింది. తర్వాత గోరు కేసి చాలాసేపు చూసుకుంది.

ఆదివారం చర్చి వదలగానే అందరినీ స్టేషన్ గదిలోకి రమ్మని కబురు పెట్టింది. అందరూ వచ్చారు. మగాళ్ళు గోడలవారగా, స్టేషన్లో కాఫీ పోసే ఆడవాళ్ళు బల్లల మీద. బయట బండిలో తారు డబ్బా ఉంది, దాని వాసన గదిలోకి కొడుతోంది. లిండ్‌నర్ దంపతులు తలుపు దగ్గర నిలబడ్డారు. వాళ్ళకి జాగా ఇవ్వాలని ఎవరికీ తోచలేదు.

"లిండ్‌నర్ కొట్లో పగిలిన గాజు ఇది," అని మిస్ డేన్ చిమ్నీ ముక్క చూపించింది. "రొట్టెలో దొరికింది ఇది. పలచనిదీ మందమైనదీ, రంగు లేనిదీ నీలమైనదీ. రెంటికీ పొంతనే లేదు. ఈ నీలపు పెంకుకి చిన్న గట్టుంది, అది సీసా మూతి మీది మర. ఇలాంటి సీసాలు మీ అందరి ఇళ్ళలోనూ ఉన్నాయి. కొట్లో లేవు, నేను చూశాను. అంటే ఇంట్లో చేసిన రొట్టె లిండ్‌నర్ బుట్టలో కలిసింది."

"ఎవరిదో ఎలా చెప్తారు?" అన్నాడు పర్సెల్.

"రంగే చెప్తుంది. లిండ్‌నర్ రొట్టె మట్టిరంగులో ఉంటుంది. ఇది చూడండి." మేబెల్ ఇచ్చిన ముక్క ఎత్తి పట్టుకుంది. "ఉత్త గోధుమ. ఈ ఏడాది ఈ రొట్టె చెయ్యాలంటే ఎక్కడో పిండి దాచుకుని ఉండాలి." ఆడవాళ్ళ వైపు తిరిగింది. "గురువారం ఇవి కోసి, పంచిపెట్టింది మీరు. తెల్లగా ఉన్నాయని ఒక్కరికీ కనపడలేదా?"

బల్లల మీద ఒక్కరూ తలెత్తలేదు. కనపడింది, అందరికీ కనపడింది. ఎవరి ఇంటినుంచి వచ్చి ఉంటుందో కూడా చాలామందికి తోచింది. పెద్దింటివాళ్ళతో మనకెందుకని ఊరుకున్నారు, అంతే. లూథర్‌కి చెవులు వేడెక్కాయి. ఆ ముక్క తన ముందే విరిచారు. తను గాజునే చూశాడు, రొట్టెని చూడలేదు.

"పిండి సీసాల్లో పోసి నేలమాళిగలో దాచారు. చెమ్మకి గట్టిపడింది. సీసాని గిన్నె అంచుకి కొట్టి దులిపారు. మూతి విరిగి పెంకులు ముద్దలో పడ్డాయి. వాటిని ఏరబోతే వేళ్ళు తెగాయి. అన్నీ ఏరేశాననుకున్నారు." మిస్ డేన్ గొంతు తగ్గించింది. "కడిగిన సీసా మరలో ఎండిన పిండి ఇంకా ఉందమ్మా, ఎలినార్ గారూ."

ఎలినార్ గుడ్డపేలికల చెయ్యి శాలువా కిందికి దాచుకోబోయింది. మళ్ళీ తనే బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "పిల్లలు ఒక్కపూటైనా మంచి రొట్టె తిని వెళతారని చేసి, ఎవరిదో తెలియకుండా ఆ బుట్టలో కలిపేశాను. ముద్ద పారేయబుద్ధి కాలేదు."

గదిలో గాలి తేలికపడింది. "పాపం, కావాలని చేసిందా," అన్నారెవరో. "చేతిపొరపాటు ఎవరికి జరగదు," అన్నారింకొకరు. మూడు రోజులుగా లిండ్‌నర్‌కి దొరకని జాలి ఎలినార్‌కి నిమిషంలో దొరికేసింది. తలుపు దగ్గర బెర్టా ఆ మాటలన్నీ వింటూ పళ్ళు బిగబట్టి నిలబడింది.

"గురువారం మధ్యాహ్నం దాకా జరిగింది పొరపాటే," అంది మిస్ డేన్. "తర్వాతది కాదు. తిండిలో గాజు కలిపాడని ఒకణ్ణి పట్టుకున్నవాళ్ళు సాక్ష్యంగా ఆ రొట్టెని దాచుకుంటారు. మరి పర్సెల్ గారు ఎందుకు కాల్చేశారు?"

పర్సెల్ ఏదో అనబోయాడు. ఎలినార్ అడ్డం వచ్చింది.

"నేనే చెప్పాను ఆయనకి. ఇక్కడే, ఈ గదిలోనే. రైలు ఇంకా మలుపు తిరగలేదు. 'అది నా రొట్టె' అన్నాను. ఆయన పొయ్యి తలుపు తీసి, 'నోరు మూసుకో' అన్నాడు. నేను మూసుకున్నాను."

అంటే ఆ సాయంత్రం జెండా పట్టుకుని లిండ్‌నర్ ముందు నిలబడ్డప్పుడు ఆయనకి అంతా తెలుసు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు, అనక్కర్లేకపోయింది. పర్సెల్ మొహం మాడిపోయింది. బయట ఎవరో తారు బండిని నెమ్మదిగా తోలుకుపోయారు. లోపలివాళ్ళు టోపీలు వెతుక్కోవడం మొదలుపెట్టారు. క్షమించమన్న మాట ఒక్కరి నోటా రాలేదు. ఒకరి కళ్ళలోకి ఒకరు చూడకుండా జారుకుందామనే అందరి తాపత్రయం.

తలుపు దగ్గర ఆగస్ట్ ఉన్నాడు. అతన్ని దాటకుండా బయటికి పోవడానికి లేదు.

"ఒక్క నిమిషమండీ," అన్నాడతను. మూడు రోజుల్లో ఊరు అతని గొంతు వినడం అదే మొదలు. "గురువారం తెల్లవారుజామున నా చెయ్యి తగిలి దీపం చిమ్నీ పగిలింది. పిండి డబ్బా పక్కనే. మీరు అడిగినప్పుడు అందుకే మాట్లాడలేకపోయాను. నేనే ఆ పిల్లాడి నోట్లో గాజు పెట్టాననుకున్నాను. మోకాళ్ళ మీద కూర్చోమంటే న్యాయమే అనుకుని కూర్చున్నాను."

బెర్టా నోటికి శాలువా అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడు నేను కాదని తెలిసింది, సంతోషం. ఆ అబ్బాయికి ఎలా ఉంది?"

తలుపు దాకా వచ్చినవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు.

"పేరేమిటి అతనిది? ఏ ఊరివాడు?"

పర్సెల్ స్టేషన్ మాస్టరు కేసి చూశాడు. స్టేషన్ మాస్టరు మేబెల్ కేసి చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. లూథర్ రెండు రోజులుగా రాసుకున్న కాగితాలన్నీ తిరగేశాడు. గాజు మందం ఉంది, రొట్టె రంగు ఉంది, ఎవరెవరు ఏ మాటన్నారో ఉంది. అందులో కుర్రాడి ఊసే లేదు. అతను ఆశగా మిస్ డేన్ వైపు చూశాడు. ఎప్పుడూ ఆవిడ దగ్గర జవాబుంటుంది.

"నేనూ అడగలేదు, లిండ్‌నర్ గారూ," అంది మిస్ డేన్. ఆవిడ మొహం అలా వాడిపోవడం లూథర్ ఎన్నడూ చూడలేదు.

"ఇంతమందిలో ఒక్కరూ అడగలేదా?" అన్నాడు ఆగస్ట్. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగి, జవాబు కోసం ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తూ నిలబడ్డాడు.