షికాగోలో ఎనిమిది రోజులు

స్టుట్‌గార్ట్ నుంచి ఎస్-బాన్ రైలు ఎక్కితే నలభై నిమిషాల్లో వచ్చే ఊరది. స్టేషన్ ఎదురుగా ఒక బేకరీ, ఒక మందుల షాపు, చర్చి. ఆ తర్వాత ఇక ఇళ్ళే. జయసాగర్ రెండు సూట్‌కేసులూ ఒక ప్రెషర్ కుక్కరూ మోసుకుంటూ శనివారం పొద్దున్నే అక్కడ దిగాడు. కుక్కర్ మూత జారి ప్లాట్‌ఫామ్ మీద దొర్లుకుంటూ పోతే, నవ్వుకుంటూ దాని వెనకాల పరిగెత్తాడు. అంత సంతోషంగా ఉన్నాడు మనిషి.

ఉండడా మరి! ఫ్రైబర్గ్‌లో మాస్టర్స్ అయిపోయింది. ఇక్కడ కార్ల విడిభాగాల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం వీసాకి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, కూడా దొరికింది, ఇంకో పది రోజుల్లో. లేనిదల్లా ఇల్లే. ఇల్లు లేకపోతే ఆన్మెల్డుంగ్ అవదు, అంటే ఊళ్ళో అడ్రసు రిజిస్టర్ చేసుకోరు. అది అవ్వాలంటే ఇంటి ఓనరు సంతకం పెట్టిన కాగితం కావాలి. ఆ కాగితం లేకపోతే వీసా లేదు. వీసా లేకపోతే సామాను సర్దుకుని అమలాపురం పోవడమే. రెండు నెలలుగా మెయిళ్ళు పెట్టి పెట్టి వాడి వేళ్ళు అరిగిపోయాయి. ఒక్కళ్ళూ ఇల్లు చూడ్డానికైనా రమ్మనలేదు.

అప్పుడు ఫోన్ చేశాడు కృపాల్. కాలేజీలో రెండేళ్ళు సీనియర్, చర్చిలో పక్కన కూర్చుని పాటలు పాడినవాడు.

"ఒరే సాగర్, నేను రూం ఖాళీ చేస్తున్నా. ఒప్పందం మధ్యలో మానేస్తున్నా కాబట్టి నా ప్లేసులోకి మనిషిని నేనే తేవాలట. తెలుసుగా, నాహ్‌మీటర్. నువ్వొస్తావా?"

"అన్నా, ఇప్పుడే బయల్దేరమంటావా?"

"ఒక్క మాటరా. నీకు అమెరికా వీసా ఎన్నిసార్లు రిజెక్ట్ అయింది?"

"రెండుసార్లు. ఆ తర్వాతే కదన్నా జర్మనీ వచ్చింది. ఎందుకు?"

"ఏం లేదు. ముసలావిడకి అమెరికా కబుర్లంటే పిచ్చి. ఇద్దరికీ బాగా కుదురుతుంది."

ఫోన్ పెట్టేసే ముందు కృపాల్ గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. జయసాగర్ అదేమీ పట్టించుకోలేదు.

ఇంటావిడ పేరు ఫ్రౌ హెంగ్స్‌లర్. డెబ్బై దాటి ఉంటాయి. తెల్లటి జుట్టు, ఇస్త్రీ చేసిన ఆప్రాన్. ఇల్లంతా కాఫీ వాసన. గది చూపించి, తాళాలిచ్చి, చాలా నెమ్మదిగా, వీడికి అర్థమయ్యే జర్మన్‌లో చెప్పింది.

"రేపు ఆదివారం. మూడున్నరకి కాఫీ, కేకు. తర్వాత మా షికాగో ట్రిప్ స్లైడ్స్ చూద్దాం. అవి అయ్యాక మీ కాగితం మీద సంతకం పెడతా."

ఇక్కడి పెద్దవాళ్ళకి ఇదొక సరదా అని జయసాగర్ విన్నాడు. ఎప్పుడో తిరిగొచ్చిన ఊళ్ళ ఫోటోలు గోడ మీద వేసి, వచ్చినవాళ్ళందర్నీ కూర్చోబెట్టి చూపిస్తారట. చూస్తే పోలా అనుకున్నాడు.

ఆదివారం మంచి ఎండ. పక్కింట్లో పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. జయసాగర్ రేగుపళ్ళ రంగు షర్టు వేసుకుని, సాక్సులతో వచ్చి సోఫాలో కూర్చున్నాడు. కేకు రెండో ముక్క వద్దనలేక తిన్నాడు. అప్పుడావిడ లేచి, కిటికీ పక్కన వేలాడుతున్న పట్టీ లాగింది. బయటి షట్టర్ దడదడమంటూ కిందికి దిగింది. ఎండ సన్నటి గీతయింది. తర్వాత అదీ పోయింది.

పిల్లల గోల కూడా ఆగిపోయింది. షట్టర్ దించితే చూపు ఆగుతుంది గానీ, చప్పుడెలా ఆగిందో జయసాగర్‌కి అర్థం కాలేదు.

చీకట్లో ప్రొజెక్టర్ ఫ్యాన్ తిరగడం మొదలెట్టింది. కాలిన దుమ్ము వాసన. టక్... గోడ మీద వెలుగు.

"తొంభై ఒకటి," అంది ఆవిడ. "మా ఆయన కెమెరా వెనక ఉన్నాడు. అందుకే ఏ ఫోటోలోనూ కనపడడు."

మొదటి స్లైడ్‌లో ఆకాశాన్నంటే మేడలు. వాటి కింద వయసులో ఉన్న ఫ్రౌ హెంగ్స్‌లర్.

"ఆ ఊళ్ళో ఆకాశం రోడ్డు వెడల్పే ఉంటుంది. మెడ నొప్పెట్టేదాకా చూశాం."

టక్. హోటల్లో గ్లాసు. "నీళ్ళడిగితే గ్లాసు నిండా ఐసు. బయట గడ్డకట్టే గాలి, లోపల ఐసు! బ్రెడ్డేమో కేకులా తియ్యగా ఉంటుంది. వడ్డించే పిల్ల 'ఎలా ఉన్నారు' అంటుంది. చెప్పేలోపు వెళ్ళిపోతుంది. నేనింకా చెబుతూనే ఉన్నాను."

జయసాగర్ నవ్వాడు. ఆవిడా నవ్వింది.

టక్. వీధి మీద ఇనుప స్తంభాలు, వాటిపైన రైలు. "ఆదివారం కూడా షాపులు తెరిచే ఉంటాయి. ఆ ఊళ్ళో చచ్చినవాళ్ళకి కూడా సెలవుండదు."

ఆ స్లైడ్‌లో ఆవిడ పక్కన ఒక కుర్రాడున్నాడు. నల్లగా, సన్నగా, పల్చటి మీసం. మనవాడే. ఆవిడ బ్యాగు మోస్తున్నాడు. వాడి చెవుల్లో వైర్లు లేని ఇయర్‌ఫోన్లు.

తొంభై ఒకటిలో...?

టక్. చెరువులా కాదు, సముద్రంలా ఉన్న సరస్సు. ఇంకో కుర్రాడు. వీడి భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు. టక్. ఇంకొకడు. టక్. నాలుగోవాడి బూట్ల ముందుభాగం ఊడిపోయి, వేళ్ళు బయటికొచ్చాయి. టక్. అయిదోవాడు నోరు తెరిచి, కెమెరా వైపు కాదు... సోఫా వైపు చూస్తున్నాడు.

"అంత పెద్ద ఊళ్ళో ఒంటరిగా తిరగకూడదు కదా," అంది ఆవిడ. "అందుకే ఎవరో ఒకర్ని తీసుకెళ్తా. అక్కడికి వెళ్ళాలని ప్రాణం పెట్టేవాళ్ళనే."

ఫ్యాన్ చప్పుడు కింద నుంచి ఎవరో గుసగుసగా అన్నారు. తెలుగులో.

"బ్రో... ఇంకా ఆదివారమేనా?"

జయసాగర్ లేవబోయాడు.

టక్. వాన. నది మీద వంతెన. ఆవిడ పక్కన ఎవరూ లేరు. కానీ ఆవిడ తల మీద గొడుగుంది. పట్టుకున్న చెయ్యి లేదు. గొడుగు గాల్లో నిలబడి ఉంది.

"ఇక్కడ హెర్ కృపాల్ ఉండేవాడు. మీరొచ్చాక ఖాళీ అయింది." ఆవిడ ప్రొజెక్టర్ మీద చెయ్యి ఆనించింది. రెండో చేతిలో పెన్ను. ఒళ్ళో జయసాగర్ కాగితం. "తర్వాతది చూపించనా?"

అప్పుడు వద్దనాలి. ఎవరైనా అంటారు. కానీ జయసాగర్‌కి కాగితం కనిపించింది, టెర్మిన్ గుర్తొచ్చింది. కేకు కూడా కాదనలేని మనిషి. మొహమాటానికి తలూపాడు. నోటితో కూడా చెప్పాడు.

"చూపించండి."

టక్.

గొడుగు కింద తనే ఉన్నాడు. అదే రేగుపళ్ళ రంగు షర్టు.

మొహం మీద వాన పడింది. ఎడం భుజం లాగేసింది. బ్యాగులో రాళ్ళున్నట్టు బరువు. తడిసిన ఇనుము వాసన. ముందు ఆవిడ నడుస్తోంది. వెనకాల... ఎవరిదో ఊపిరి. కెమెరాలో రీలు తిప్పుతున్న చప్పుడు. నడిచాడు. మెట్లు. వంతెనలు. మేడలు. గ్లాసు నిండా ఐసు. ఎలా ఉన్నారు? చెప్పేలోపు వెళ్ళిపోయారు. నడిచాడు... నడిచాడు...

షట్టర్ దడదడమంటూ లేచింది. ఎండ. సైకిలు బెల్లు. గోడ గడియారంలో నాలుగు పది.

బల్ల మీద కాగితం. సంతకం పెట్టి ఉంది.

జయసాగర్ గడ్డం తడుముకున్నాడు. పొద్దున్నే గీసుకున్న గడ్డం వేళ్ళకి దొరికేంత పెరిగి ఉంది. సాక్సుల అడుగులు చిరిగిపోయాయి. మడమ మీద బొబ్బ పగిలి రక్తం కారుతోంది.

"ఒక్కో ఆదివారానికి అక్కడ ఎనిమిది రోజులు," అంది ఆవిడ, కప్పులు తీస్తూ. "మెల్లగా అలవాటవుతుంది. స్లైడ్స్‌లో చూశారే, ఆ అయిదుగురూ ఇక అక్కణ్ణుంచి తిరిగి రావడమే మానేశారు."

"నేను... నేను ఖాళీ చేసేస్తానండి."

"చెయ్యండి. మూడు నెలల నోటీసు. లేకపోతే నాహ్‌మీటర్. కానీ వెళ్ళాలని ఉన్న మనిషే కావాలి. బలవంతంగా తీసుకెళ్తే ఫోటోలో మొహం బాగుండదు."

గదిలోకెళ్ళి తలుపేసుకుని కృపాల్‌కి ఫోన్ చేశాడు. అయిదోసారికి ఎత్తాడు.

"ఎందుకు చేశావన్నా నాకిలా?"

"నాకు ఎనిమిది నెలలు పట్టిందిరా. ముప్ఫై మందికి చెప్పా. అందరూ ఆలోచించి చెప్తామన్నారు. నువ్వొక్కడివే ఆలోచించకుండా వచ్చావ్."

"పారిపోతానన్నా నేను."

"నేనూ పారిపోయా. మ్యూనిక్ వెళ్ళి హోటల్లో కూర్చున్నా. ఆదివారం మూడున్నరకి చెవి పక్కనే టక్కుమంది. అంతే."

"చర్చిలో నా పక్కన కూర్చునేవాడివి కదన్నా..."

"ప్రార్థన చేశానురా. చేసి లేచాకే నీకు ఫోన్ చేశా." కృపాల్ గొంతు మామూలుగానే ఉంది. "ఏడవకుండా విను. రూం అర్జెంటున్నోణ్ణి పట్టుకో. ఎక్కువ ప్రశ్నలెయ్యనోణ్ణి."

సోమవారం వెళ్ళి అడ్రసు రిజిస్టర్ చేయించుకున్నాడు. ఆ తర్వాత బెంచీ మీద కూర్చుని, తెలుగు స్టూడెంట్స్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు. "రూం ఖాళీ. ఆన్మెల్డుంగ్ చేసుకోవచ్చు." నిమిషంలో పంతొమ్మిది మంది. ఒక్కొక్కళ్ళనీ ఒకటే అడిగాడు. ఒకడు అమెరికాకి అసలు అప్లై చెయ్యలేదన్నాడు. ఇంకొకడు ఆ దేశమంటేనే ఇష్టం లేదన్నాడు. రుచిత అనే అమ్మాయి మాత్రం ఫోనే చేసింది. కరీంనగర్. వచ్చి మూడు వారాలయింది. ఎవరి హాల్లోనో కింద పరుపేసుకుని పడుకుంటోంది.

"మూడుసార్లు రిజెక్ట్ చేసిండ్రన్నా. మూడోసారి కౌంటర్ కాడ్నే ఏడ్చిన. అందరు నన్నే చూసుడు!"

"ఇప్పటికీ వెళ్ళాలని ఉందా?"

"ఎందుకుండదన్నా? కలల గూడ గవే మేడలొస్తయ్." నవ్వింది. "గదంత ఎందుకడుగుతున్నవ్? ఇంటర్వ్యూనా ఏంది?"

"ఊరికే. రాత్రికి కన్‌ఫర్మ్ చేస్తా."

ఫోన్ పెట్టేశాక, "వద్దమ్మా, రావద్దు" అని టైప్ చేశాడు. చాలాసేపు దానివైపే చూశాడు. బూటులో మడమ సలిపింది. చెరిపేసి, అడ్రసు పంపాడు.

ఆదివారం మూడింటికి వచ్చింది రుచిత. ఒక బ్యాగు, ఒక స్టీలు డబ్బా. "అమ్మ సకినాలు పంపిందన్నా. ఆంటీకి సగం, నీకు సగం." కాగితంలో పొట్లం కట్టి వాడి చేతిలో పెట్టింది. "గింత సాయం నా సొంత అన్న గూడ చెయ్యలే. నువ్వు గూడ కూసో, కాఫీ తాగి పోదువు."

"ట్రైనుంది."

ఫ్రౌ హెంగ్స్‌లర్ రుచిత గడ్డం పట్టుకుని, మొహం వెలుతురు వైపు తిప్పి చూసింది. "ఫోటోలో బాగా పడుతుంది," అంది.

"ఏమంటున్నదన్నా?"

"నచ్చావంటోంది."

సూట్‌కేసులతో వీధిలోకొచ్చి నిలబడ్డాడు. షట్టర్ దడదడమంటూ దిగింది. లోపల్నుంచి రుచిత నవ్వు వినిపించింది. ఐసు గ్లాసు స్లైడు దగ్గరికొచ్చినట్టున్నారు. మూడున్నర దాటింది... చెవి పక్కన ఏ చప్పుడూ లేదు. తర్వాత నవ్వు ఆగిపోయింది. జయసాగర్ స్టేషన్ వైపు పరిగెత్తాడు.

రైల్లో ఆకలేసింది. సకినాలు తిన్నాడు. కరకరలాడుతూ బాగున్నాయి. సాయంత్రం రుచిత నుంచి పదకొండు మిస్డ్ కాల్స్ వచ్చాయి. నంబర్ బ్లాక్ చేశాడు.

మంగళవారం పొద్దున్న టెర్మిన్. ఎనిమిదింటికే ఆఫీసుకెళ్ళాడు. పెద్ద కిటికీలు, కుండీల్లో మొక్కలు, గోడలకి తెల్ల రంగు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయంది కౌంటర్‌లో ఆవిడ. ఇక ఫోటో ఒక్కటే. గది మూల మెషీన్ ఉంది, అక్కడే తీయించుకోవాలి.

జయసాగర్ మెషీన్ ముందు నిలబడ్డాడు. ఎర్రలైటు వెలిగింది. "ఫోటోలో ఒక్కరే ఉండాలి," అంది మెషీన్.

వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. మళ్ళీ నిలబడ్డాడు.

"ఫోటోలో ఒక్కరే ఉండాలి."

చేత్తో అద్దం తుడిచాడు. మూడోసారి కూడా అదే మాట. కౌంటర్ ఆవిడ విసుగ్గా తలెత్తింది. జయసాగర్‌ని చూడలేదు. వాడి ఎడం భుజం పక్కన, ఎవరైనా నిలబడితే మొహం ఉండే ఎత్తులో చూసింది.

"మీకు టెర్మిన్ ఉందా?" అని అడిగింది.

స్లైడ్స్ చీకట్లో 'బ్రో' అన్న గొంతే జయసాగర్ చెవి పక్కన గుసగుసగా జవాబు చెప్పింది. ఆవిడ విన్నది. సరే అన్నట్టు తలూపింది. తర్వాత కీబోర్డు దగ్గరికి లాక్కుని, ఏదో పేరు అక్షరం అక్షరం అడుగుతూ టైప్ చేసుకోవడం మొదలెట్టింది.