లక్కే పక్కన ఖాళీ

"ఇది దోమనా, కొంగనా?"

నిచ్చెన మీదున్న సతీష్ వెనక్కి తిరిగి చూశాడు. మరైగూడ బడి గోడ ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. నెత్తి మీద వరినారు కట్ట. అందులోంచి కారే నీళ్లు చెంపల మీదుగా జారుతున్నా తుడుచుకోవడం లేదు. చూపంతా గోడ మీదే ఉంది.

"దోమే," అన్నాడు.

"గింత పొడుగు కాళ్ల దోమ కుడితే మనిషి ఉంటడా?"

"దూరం నుంచి కనపడాలని పెద్దగా వేశాను. కింద రాసింది చదవండి."

"చదివిన. దోమతెరలో పడుకోండి, మలేరియా రాదు. హిందీల ఒకసారి, తెలుగుల ఒకసారి. రెండుసార్లు చెప్తే దోమకు భయమైతదా?"

"మీ ఇంట్లో దోమతెర ఉందా?"

"ఉన్నది. కోడిపిల్లల మీద కప్పినం, గద్ద ఎత్తుకపోకుండ."

సతీష్‌కు ఒళ్లు మండింది. ఏదో ఒకటి గట్టిగా అందామని నోరు తెరిచేలోపు ఆ అమ్మాయి నవ్వుకుంటూ పొలాల వైపు వెళ్లిపోయింది. ఆమె పోయాక దోమను ఇంకోసారి చూశాడు. నిజంగానే కొంగలా ఉంది. అది ఇంకా మంట.

సతీష్ బస్తర్‌లోనే పుట్టాడు. కాకపోతే కిరందుల్‌లో, కంపెనీ క్వార్టర్ల గేటు లోపల పుట్టాడు. నాన్న గనిలో పనిచేసి రిటైరయ్యాడు. కొడుకు చేతికి కుంచె వచ్చింది గానీ, దానితో చేసేదంతా షాపుల బోర్డులు, ఆరోగ్య శాఖ నినాదాలు. ఎవరో రాసిచ్చిన మాటలను గోడలకెక్కించడమే పని. తనకంటూ ఒక బొమ్మ వేసుకుని ఎన్నాళ్లయిందో అతనికే గుర్తులేదు.

ఆ మధ్యాహ్నం పొలాల వైపు నుంచి పాట వినిపించింది. నాట్లు వేసే ఆడవాళ్లు రేల పాట ఎత్తుకున్నారు. ఒక గొంతు ముందు పాడుతుంటే మిగిలినవాళ్లు అందుకుంటున్నారు. ముందు పాడే ఆ గొంతు పొద్దున తన దోమను కొంగ అన్న అమ్మాయిదే. వద్దనుకుంటూనే విన్నాడు. కాసేపటికి చూసుకుంటే చేయి పాట ప్రకారం కదులుతోంది, గోడ మీది అక్షరాలు వంకీలు తిరిగాయి.

వాన పెద్దదైనప్పుడల్లా కూలీలు బడి వరండాలోకి వచ్చేవారు. ఆమె పేరు లక్కే అని అక్కడే తెలిసింది. కోంటాలో పన్నెండు చదివిందట. అమ్మతో దోర్లీలో, బడి మాస్టారుతో హిందీలో, తనతో తెలుగులో మాట్లాడుతుంది. ఎగతాళి మాత్రం అన్ని భాషల్లోనూ ఒకటే.

"నీకు నచ్చింది ఎప్పుడన్న ఏసినవా, ఊకె దోమలేనా?" అని అడిగింది ఒకరోజు.

"వేస్తే చూస్తావా?"

"బాగుంటే చూస్త."

అంటూ అతని వైపు చూసింది. ఆ చూపు ఎక్కువసేపు లేదు, కానీ సతీష్ దాన్ని మూటగట్టుకుని పోయాడు.

ఊళ్లోకి వచ్చే దారి పక్కన నిలబెట్టిన రాళ్లు అతను మొదటి రోజే చూశాడు. ఒక్కో రాతి మీద ఒక మనిషి. చుట్టూ చిలుకలు, డోలు వాయించేవాళ్లు, ఎద్దులు, ఒకదాని మీద ఎర్రటి సైకిలు. ఆ రంగులు చూసి మతిపోయింది. ఊరివాళ్లు రోజువారీ బతుకును ఇంత అందంగా రాళ్ల మీద దాచుకుంటారా అని మురిసిపోయాడు. ఎందుకు వేస్తారని ఎవరినీ అడగలేదు. గేటు లోపల పెరిగినవాడికి అడగాలని తోచలేదు.

పొలం గట్టున మనిషెత్తు నల్ల బండ ఒకటి ఉంది. లక్కే కోంటా సంతకు వెళ్లిన రోజు, వాన తెరిపిచ్చిన వేళ, సతీష్ దాని మీద లక్కేను వేశాడు. నెత్తి మీద నారుకట్ట, పాట పాడుతున్న నోరు. ఒక పక్కన చిలుకలు, డోలు వాయించేవాళ్లు, ఆ ఎర్రటి సైకిలు కూడా. రెండో పక్కన కొంచెం చోటు మిగిలింది. అక్కడ ఏం వేయాలో తోచక వదిలేశాడు. చేతులు కడుక్కుంటూ, నోటితో చెప్పలేనిది రాయి చెబుతుందనుకున్నాడు.

మర్నాడు పొద్దున పాట వినిపించలేదు.

నాట్ల వేళ ఆడవాళ్లంతా బండ ముందు గుమిగూడి ఉన్నారు. లక్కే తల్లి పొజ్జే నేల మీద కూలబడి ఉంది. పక్కన నారుకట్ట విడిపోయి బురదలో పడి ఉంది. ఊరి పూజారి బిజ్జా కర్ర ఆనించి నిలబడ్డాడు. సతీష్ నవ్వుతూ వచ్చాడు. ఎవరూ నవ్వలేదు.

"ఇది నువ్వు ఏసిందేనా, పిలగా?" అన్నాడు బిజ్జా.

"అవును తాతా. బాగా రాలేదా?"

"మంచిగనే వచ్చింది. లక్కే ఎప్పుడు సచ్చింది?"

సతీష్‌కు అర్థం కాలేదు. అర్థమయ్యే లోపల ముసలాయన దారి వైపు కర్ర చూపించాడు. "ఆ రాళ్లు ఎవరికనుకున్నవ్? పోయినోళ్లకు. వాళ్లు బతికినప్పుడు ఏమేం చేసిన్రో అవన్నీ ఏస్తం. బతికున్నోళ్లను ఎవరూ ఎయ్యరు."

"ఆ సైకిలు నా మొగనిది," అంది పొజ్జే. గొంతు పెంచలేదు. "పోయిన ఎండాకాలం ఏసిన్రు. తీసుకొచ్చి నా బిడ్డ పక్కన పెట్టినవ్."

సతీష్ జేబులోంచి గుడ్డ లాగాడు. "నాకు తెలియదమ్మా. ఇప్పుడే తుడిచేస్తాను. టర్పెంటైన్ ఉంది."

"తుడుస్తవా? నా బిడ్డను తుడుస్తవా?"

గుడ్డ తీసిన చేయి అక్కడే ఆగిపోయింది. ఉంచినా తప్పే, తుడిచినా తప్పే.

అప్పుడే లక్కే వచ్చింది. ఎండ లేకపోయినా కళ్లు చికిలిస్తూ బండ ముందు నిలబడి తన బొమ్మను తాను చూసుకుంది. సతీష్ ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు.

"దోమ కన్న నయమే," అంది. నవ్వబోయింది. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. పొజ్జే లేచి బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసింది. ఒళ్లు కాలిపోతోంది.

అందరూ బండ మీది బొమ్మను, లక్కేను మార్చి మార్చి చూశారు. ఆ చూపులకే సతీష్‌కు భయం వేసింది. బడి దగ్గరికి పరిగెత్తి మోటార్ సైకిల్ తెచ్చాడు.

"నీ బండి మీద నా బిడ్డ ఎక్కదు," అంది పొజ్జే.

"అమ్మా, తర్వాత నన్ను కొట్టండి, ఏమన్నా చేయండి. ముందు కోంటా పోదాం. వాగు పొంగితే దారి ఉండదు."

పొజ్జే ఆకాశం చూసింది, వణుకుతున్న కూతుర్ని చూసింది. లక్కేను మధ్యలో కూర్చోబెట్టి తను వెనక ఎక్కింది.

వాగు దగ్గర నీళ్లు అప్పటికే రోడ్డు మీదికి వచ్చాయి. సతీష్ దిగి బండి నడిపించాడు. తల్లీకూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని వెనకాలే నడిచారు. మధ్యలో చక్రం జారింది. బండి ఒరిగిపోతుంటే వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి సీటు గట్టిగా పట్టుకుంది. అది పొజ్జే చెయ్యి. "కిందికి చూడకు, నడువు," అంది. ఆ రోజు అతనితో కోపం లేకుండా అన్న మాట అదొక్కటే.

కోంటా ఆసుపత్రిలో రక్తం చూసి మలేరియా అన్నారు. నర్సు మందులు మొదలుపెట్టి, దోమ ఎప్పుడో పది పన్నెండు రోజుల కిందట కుట్టి ఉంటుందని చెప్పింది. సతీష్ ఆ మాట పట్టుకుని పొజ్జే దగ్గరికి పోయాడు.

"విన్నారా అమ్మా? నేను బొమ్మ వేయకముందే వచ్చిన జ్వరం ఇది."

"జ్వరం మందుతో పోతది. రాయి మీదున్నది ఏ మందుతో పోతది?"

సతీష్ లక్కే మంచం కనిపించేటట్టు వరండాలో కూర్చున్నాడు. ఆమె లోపల మూలిగినప్పుడల్లా లేచి తలుపు దాకా పోయి వచ్చాడు. ఈ పిల్లకు ఏమన్నా అయితే మళ్లీ కుంచె పట్టకూడదనుకున్నాడు. కానీ అయితే గియితే కుంచె గురించి ఎవడికి కావాలి? ఆమె దోమను కొంగ అనాలి, మళ్లీ ఎగతాళి చేయాలి, అంతే కావాలి. ప్రేమ అని ఇన్నాళ్లూ అనుకోనిది అక్కడ, ఫినాయిల్ వాసన మధ్య, ఉన్నదున్నట్టుగా తెలిసింది.

జ్వరం దిగింది. లక్కే కళ్లు తెరిచి మొదట అన్న మాట: "కోడిపిల్లలకు నూకలు ఏసిన్రా?"

ఊరికి తిరిగొచ్చిన రోజు బండ దగ్గర అందరూ మళ్లీ చేరారు. అన్నాళ్లూ ఆ పొలంలో ఎవరూ పాడలేదట. నాట్లు మాటల్లేకుండానే సాగాయి. బిజ్జా చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"ఇట్లాంటిది ఎన్నడూ కాలేదు. కాబట్టి దీనికి రివాజు లేదు. మనమే అనుకోవాలె," అన్నాడు. "పోయినోళ్లు రాయి మీద ఒక్కరే ఉంటరు. ఈ పిల్ల పక్కన బతికున్న మనిషి ఇంకొకరు ఉంటే, అది సావు రాయి కాదు. నా మాట ఇది. కాని ఎవరుంటరు?"

ఎవరూ కదల్లేదు. ఎవరికి ఉండదు భయం? పక్కకెళ్లి నిలబడటమంటే లక్కే మీదున్న గండంలో సగం నెత్తిన వేసుకోవడమే.

"నన్ను ఎయ్యి," అంది పొజ్జే.

"వద్దమ్మా," అన్నాడు సతీష్. "నన్ను వేస్తాను. తప్పు నాది. వచ్చేది ఏదైనా ఉంటే నాక్కూడా రావాలి."

బిజ్జా కళ్లు చిట్లించాడు. "తెలిసే అంటున్నవా? పెళ్లి కావాల్సిన పిల్ల పక్కన నిలబడితే ఊరు ఊకె ఉండదు. రేపు రాయి మీంచి దిగిపోత అంటే దిగనియ్యదు."

"దిగిపోవడానికి నిలబడటం లేదు తాతా."

అందరూ పొజ్జే వైపు చూశారు. లక్కే మాత్రం బండ దగ్గరికి నడిచి సతీష్ ముందు నిలబడింది. నీరసంగా ఉంది, కోపంగా కూడా ఉంది.

"నన్ను అడిగినవా?"

సతీష్ తడబడ్డాడు.

"ఈ రాయి మీద ఎక్కించినప్పుడు నన్ను అడగలె. సైకిలు ఎవరిదని అడగలె. ఇప్పుడు పక్కకొచ్చి నిలబడుత అంటున్నవ్, ఇప్పుడన్న అడుగుతవా?"

సగం ఊరు చూస్తోంది. గోడల మీద అంతంత అక్షరాలు రాసినవాడికి ఒక్క మాట దొరకలేదు. చివరికి ఎలాగో అన్నాడు.

"లక్కే, నువ్వంటే నాకు చాలా ఇష్టం. నీ పక్కన నన్ను వేసుకోనా?"

ఆమె దారి పక్కనున్న తండ్రి రాయి వైపు చూసింది, తల్లి వైపు చూసింది.

"నీ మొకం నీకు కనబడదు గద," అంది. "నేను చెప్త. నువ్వు ఎయ్యి."

సతీష్ రంగు డబ్బా మూత తీశాడు.

"ముక్కు గంత సక్కగ లేదు. కొంచెం లావు చెయ్యి. చెవులు పెద్దయి. ఇంకా పెద్దయి. నెత్తి దువ్వినట్టు ఎయ్యకు, ఎన్నడు దువ్వినవ్?"

వెనక ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. ఇంకొకరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బొమ్మలో మనిషి అందంగా రాలేదు గానీ అచ్చం సతీష్‌లా వచ్చాడు. చేతుల దగ్గర అతను ఆగాడు.

"డోలు పెట్టనా?"

"కొట్టొస్తదా నీకు?" ఈసారి అడిగింది పొజ్జే. ముందుకొచ్చి నిలబడింది. ఎర్రటి సైకిలును చాలాసేపు చూసింది. "చేతులు ఊకె ఎందుకు? ఇట్లాంటి సైకిలే ఇంకొకటి ఏసి పట్టియ్యి. లక్కే నాయిన దాన్ని ఎవరికీ ఇచ్చేటోడు కాదు. నీకు ఇస్తున్న."

సతీష్ కళ్లు నిండాయి. కుంచె ఎర్ర రంగులో ముంచబోయి టర్పెంటైన్ డబ్బాలో ముంచాడు. లక్కే చూసింది కానీ ఈసారి ఎగతాళి చేయలేదు.

పని పూర్తయ్యేసరికి పొలంలో ఎవరో పాట ఎత్తుకున్నారు. ముందు పాడాల్సిన చోట లక్కే బండకు ఆనుకుని, నీరసపు గొంతుతోనే అందుకుంది. పొజ్జే నారుకట్ట నెత్తికెత్తుకుని రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి తిరిగింది.

"పిలగా, ఆ ఇద్దరి మీద దోమతెర గూడ ఎయ్యి," అంది. "కోడిపిల్లల మీదున్నది నేను పోయి తీస్త."