వీపున బొమ్మ

బెనిగ్నో రివాస్ సర్వనాశనం కావాలి. తొమ్మిదేళ్ళుగా ఏజెంట్ ఫెర్మిన్ పొద్దున కాఫీ ముట్టే ముందు అనుకునే మాట అదొక్కటే.

ఒకప్పుడు ఇద్దరూ మాడ్రిడ్ గూఢచారి శాఖలో జోడీ. ఒకే కంచంలో తిన్నవాళ్ళు. బెనిగ్నో రహస్యాలు అమ్ముకుని, ఆ నేరం ఫెర్మిన్ నెత్తిన రుద్ది దేశం దాటేశాడు. ఫెర్మిన్ కోర్టుల చుట్టూ తిరిగి నిర్దోషి అనిపించుకునేసరికి, హయేన్ కొండల్లో తన తాతలనాటి ఆలివ్ తోట, రాతి బావితో సహా, అప్పుల కింద వేలానికొచ్చింది. పాడుకున్నది ఎవరు? బెనిగ్నో బావమరిది.

డిసెంబర్ ఇరవై ఎనిమిది. ఉదయం పది. సెవిల్ శివార్లలో లూనారియా వినోదాల పార్కు, టికెట్ కౌంటర్ వెనక చిన్న గది.

"వాడొచ్చాడు," అంది చీఫ్ రెమెడియోస్. "విదేశాల్లో మారుపేర్లతో ఉన్న మనవాళ్ళు పదకొండు మంది. వాళ్ళ పేర్లన్నీ వాడి దగ్గరున్నాయి. పన్నెండింటికి చేతులు మారతాయి. మారాయో, సాయంత్రానికి పదకొండు శవాలు."

"వాణ్ణి నాకొదిలెయ్యండి మేడమ్."

"కుదరదు. లోపల నలభై వేల మంది జనం. కొనేవాళ్ళ దగ్గర తుపాకులున్నాయి. ముందు పేర్లు చడీచప్పుడు లేకుండా పట్టుకురా. బెనిగ్నో ప్రాణాలతో బోనెక్కాలి. వాడి మీద నీ చెయ్యి పడిందంటే పెన్షన్ మర్చిపో."

"వీపు మీద ఒక్క తట్టు తట్టొచ్చా?"

రెమెడియోస్ అతన్ని అనుమానంగా చూసింది. "ఒక్కటే."

సమాచారం తెచ్చింది నోయెమి. తెల్ల కోటు, ఎర్ర పెదాలు, తల తిప్పి చూడని మగాడు లేడు. విదేశీ ముఠాలో నాలుగేళ్ళుగా జీతం తీసుకుంటోంది. అందులో రెండేళ్ళుగా పని చేస్తున్నది మాత్రం ఫెర్మిన్ వాళ్ళకే.

"రోలర్ కోస్టర్ దగ్గర, అదే మెరుపు బండి," అందామె. "బ్యాగులతో ఎక్కనివ్వరుగా, అరల్లో పెట్టి ఎక్కాలి. ఒకే రకం బ్యాగులు రెండు. దిగాక ఒకరిది ఒకరు పట్టుకెళ్తారు. కొనేవాడి మారుపేరు డాక్టర్. బండి తిరిగేది నిమిషం యాభై సెకన్లు. నీకున్న టైమ్ అంతే."

"నేనడిగింది?"

ఆమె కోటు జేబులోంచి అరచేతంత కాగితపు బొమ్మ తీసి ఇచ్చింది. దాని పొట్ట మీద డాక్టర్ భాషలో ఒక ముక్క ప్రింటు చేసి ఉంది.

ఆ రోజు అమాయకుల రోజు, ఏప్రిల్ ఫూల్ లాంటిది. ఎవరేం చెప్పినా ఎవరూ నమ్మరు. ఎవరి వీపున ఎవరైనా కాగితపు బొమ్మ అంటించొచ్చు. చూసినవాళ్ళు నవ్వాలే తప్ప చెప్పకూడదు. పార్కులో సగం వీపుల మీద బొమ్మలే.

పదకొండున్నరకి ఫెర్మిన్ పార్కు యూనిఫాం, పెట్టుడు మీసం, నెత్తిన దుప్పి కొమ్ములతో మెరుపు బండి దగ్గర నిలబడ్డాడు. క్యూ పాములా మెలికలు తిరిగి ఉంది.

"ఇంకెంతసేపు నాయనా?" అంది ఓ ముసలావిడ, రేకు కాగితంలోంచి ఆమ్లెట్ బ్రెడ్ కొరుకుతూ. ఆమె వీపున మూడు బొమ్మలున్నాయి.

"రెండు గంటలు అమ్మమ్మా."

"పోయినేడాదీ ఇదే చెప్పారు. అప్పట్నుంచీ ఇక్కడే ఉన్నా."

పన్నెండుకి రెండు నిమిషాలుండగా బెనిగ్నో వచ్చాడు. ఒళ్ళు చేశాడు. జుట్టుకి రంగేశాడు. ఫెర్మిన్ మొహంలోకి చూసి కూడా గుర్తుపట్టలేదు.

"ఆ అరలో పెట్టండి సార్."

"జాగ్రత్త బాబూ. మా అమ్మ చేసిన బాదం మిఠాయి ఉంది."

వాళ్ళమ్మ పోయి పదమూడేళ్ళు. ఆవిడ శవపేటిక మోసిన నలుగురిలో ఫెర్మిన్ ఒకడు.

వెనక డాక్టర్, పక్కన నోయెమి. డాక్టర్ బ్యాగు పక్క అరలోకి వెళ్ళింది. ఇనుప కడ్డీలు ఒళ్ళోకి దిగాయి. బండి కదిలింది.

నూట పది సెకన్లు.

బ్యాగుకి మూడంకెల తాళం. ఫెర్మిన్ బెనిగ్నో పాత బ్యాడ్జి నంబరు తిప్పాడు. రాలేదు. పుట్టినరోజు తిప్పాడు. రాలేదు. పైన బండి తలకిందులైంది, జనం కేకలు. అరవై సెకన్లు. దేశం దాటిన తేదీ. రాలేదు. ముప్పై.

చెమట మీసం మీదకి కారింది. ఈ వెధవ దేన్ని చూసుకుని మురిసిపోతాడు? దేన్ని తలుచుకుని రాత్రిళ్ళు నవ్వుకుంటాడు?

వేళ్ళు వాటంతటవే తిరిగాయి. ఒకటి. ఆరు. మూడు.

తాళం టక్కున ఊడింది.

మిఠాయి పెట్టె అడుగున గోరంత మెమరీ కార్డు. తీసి నాలుక కింద పెట్టుకున్నాడు. తాళం మూశాడు. అదే క్షణంలో బండి కీచుమంటూ వచ్చి ఆగింది.

కడ్డీ ఎత్తి, బెనిగ్నో వీపు మీద ఆప్యాయంగా తట్టాడు. "పండగ శుభాకాంక్షలు సార్."

ఒక్కటే తట్టు.

బ్యాగులు మారాయి. బెనిగ్నో ముందు నడుస్తున్నాడు. దారి పొడుగునా జనం అతని వీపు చూసి కిసుక్కుమంటున్నారు. ఒక్కరూ చెప్పలేదు. పది అడుగుల వెనకున్న డాక్టర్ మాత్రం నవ్వలేదు. చదివాడు: 'పేర్లు మాకు అందాయి బెనిగ్నో, థాంక్స్. ఇట్లు, మాడ్రిడ్.'

డాక్టర్ తన చేతికొచ్చిన బ్యాగు తెరిచాడు. ఉత్త మిఠాయి. వేలు ఎత్తాడు. రంగులరాట్నం దగ్గర్నుంచి ఇద్దరు మనుషులు కదిలారు, చేతులు కోటుల్లో.

బెనిగ్నో వెనక్కి తిరిగి చూశాడు, అర్థమైంది. వేడి చుర్రోలు వేయించి అమ్మే బండి దగ్గరున్న ఇద్దరు గార్డుల మీద పడ్డాడు.

"నన్ను అరెస్టు చెయ్యండి! నేను దేశద్రోహిని!"

ఒక గార్డు అతని వీపు చూసి రెండోవాణ్ణి మోచేత్తో పొడిచాడు. "పొద్దుట్నుంచి ఆరోవాడు. ఇందాకొకడు పోప్ గారి తమ్ముణ్ణన్నాడు. వెళ్ళండి సార్, బాగా నటించారు."

అప్పుడు బెనిగ్నో చూశాడు, మీసం పీకి జేబులో పెట్టుకుంటున్న మనిషిని.

"ఒరేయ్ ఫెర్మిన్! చెప్పరా వీళ్ళకి! నీ తోట నీకు రాయించేస్తా! ప్రతి చెట్టూ!"

"ఎన్ని?"

"నూట అరవై మూడు!"

డాక్టర్ మనుషులిద్దరూ ఐదడుగుల దూరంలో ఉన్నారు. ఊరికే నిలబడితే చాలు. చెయ్యి పడక్కర్లేదు, పెన్షన్ పోదు. తొమ్మిదేళ్ళు ఆగినవాడు ఇంకో ఐదడుగులు ఆగలేడా?

"ఫెర్మిన్!" ఇయర్‌పీస్‌లో రెమెడియోస్ గొంతు. "బోనెక్కాలన్నాను!"

కోటు అంచు పైకి లేచి నల్లగా ఏదో మెరిసే దాకా ఆగాడు. అప్పుడు గార్డులకి తన గుర్తింపు కార్డు చూపించాడు. "వీడు చెప్పేది నిజం. లాక్కెళ్ళండి."

గార్డుల చేతులు తుపాకుల మీదకి వెళ్ళడంతో ఆ ఇద్దరూ జనంలోకి జారుకున్నారు. గేటు దగ్గర నోయెమి తెల్ల కోటు విప్పి భుజాన వేసుకుంది. అదే సిగ్నల్. డాక్టర్‌నీ, ఆ ఇద్దరినీ గేటు బయట కాచుకున్న శాఖ వ్యాన్ మింగేసింది.

సంకెళ్ళు పడ్డాక బెనిగ్నోకి ఊపిరొచ్చింది. నవ్వొచ్చింది.

"తోటంటావా? ఇవాళ ఇరవై ఎనిమిదిరా అమాయకుడా. ఈ రోజు అన్నమాట ఏ కోర్టులో చెల్లుతుంది?"

ఫెర్మిన్ కూడా నవ్వాడు. వీపున బొమ్మ ఇంకా ఉందని చెప్పలేదు. బయట పత్రికలవాళ్ళు కెమెరాలు సర్దుకుంటున్నారు.

"పదకొండు ప్రాణాలు నిలబెట్టావు," అంది రెమెడియోస్. "రిపోర్టు రాయాలి. మన వైపు నష్టం?"

ఫెర్మిన్ నాలుక కింది మెమరీ కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నూట అరవై మూడు ఆలివ్ చెట్లు, ఒక రాతి బావి."