గులాబీ రంగు ఇత్తడి

తెనాలి స్టేషన్ వెయిటింగ్ హాల్లో బ్రహ్మానందం శవం కుర్చీలో కూర్చునే ఉంది. కత్తి వీపులో దిగింది. చంపినవాళ్ళు అతని నోట్లో ఒక బోల్టు కుక్కి మరీ పోయారు, ఇంకెవరూ నోరు విప్పకూడదని. అతను రేపల్లె దగ్గరి బోటు యార్డులో ఇన్‌స్పెక్టర్. గూఢచారి శాఖకు రహస్యంగా సమాచారం ఇచ్చేవాడు.

నర్సు వేషంలో వచ్చిన ఏజెంట్ హెప్సిబా ఆ బోల్టును బయటికి లాగి, పౌడర్ డబ్బాలా కనిపించే స్కానర్‌కు ఆనించింది. రాగి అరవై, జింక్ నలభై. ఇత్తడి.

బాపట్లలో విత్తనాల కొట్టు వెనక గదిలో చీఫ్ బసవపున్నయ్య బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగించాడు. బోటుకు నీటి అడుగున బిగించే సామానంతా కంచుదై ఉండాలి. ఇత్తడి పెడితే ఉప్పునీళ్ళు అందులోని జింక్‌ను తినేస్తాయి. మిగిలిన రాగి గుల్లబారి, గులాబీ రంగుకు తిరిగి, గట్టి అల తగిలితే విరుగుతుంది. ఆ యార్డు నుంచి వచ్చి ఏడాదిగా నీళ్ళలో ఉన్న ఎనిమిది గస్తీ బోట్లు ఆయుధాల ఓడను పట్టుకోవడానికి ఇవాళ సాయంత్రం నాలుగింటికి బయల్దేరుతున్నాయి. అన్నీ ఆపితే ఓడ తప్పించుకుంటుంది. ఒక్కో బోటు అడుగు పరీక్షించడానికి డైవర్లకు ఒక పూట పడుతుంది. కల్తీవి ఏవో తెలిసింది స్వర్ణలతకే. ఇత్తడి పెట్టించిన విదేశీ ముఠాలోకి శాఖే పంపిన అందగత్తె. బ్రహ్మానందం తెనాలి వస్తున్నాడని ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. అంటే ఆమె ముఠా వైపు తిరిగిపోయింది.

"ట్రైనింగులో మీరిద్దరూ ఒకే గది కదమ్మా. చేయగలవా?"

"చేస్తానండి."

శాఖ నుంచి రమ్మని పిలిచే 'కాలువకు నీళ్ళొదిలారు' అన్న కోడ్ మెసేజ్ అందగానే స్వర్ణలత మూడున్నరకు యార్డుకు వచ్చింది. రిపేరుకు ఆగిన తొమ్మిదో బోటు ఇంజన్ గదిలోకి దిగగానే హెప్సిబా ఆమె చేతిని పైపుకు బేడీ వేసి బిగించింది. అన్నీ కంచువేనంది స్వర్ణలత. హెప్సిబా సుత్తితో అడుగు వాల్వు మీద ఒక్క దెబ్బ వేసింది. వాల్వు రస్కులా విరిగింది. లోపలంతా గులాబీ రంగు. నీళ్ళు ఎగదన్నాయి.

"ఏ బోట్లు?"

"నేను మునుగుతుంటే నువ్వు చూడలేవు హెప్సీ."

హెప్సిబా నిచ్చెన పైమెట్టెక్కి కూర్చుంది. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాక స్వర్ణలత రెండు, అయిదు, ఏడు అని చెప్పింది. హెప్సిబా వైర్‌లెస్ ముట్టుకోలేదు. మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. గడ్డం మునిగింది. నాలుగింటికి ఇంకా నిమిషం ఉందనగా పెదవులు మునుగుతుంటే జవాబు మారింది.

"రెండు, అయిదు... ఎనిమిది. ఏడు కాదు. తాళం తియ్యవే."

ఈసారి హెప్సిబా వైర్‌లెస్ అందుకుంది. తాడు విప్పేసిన మూడు బోట్లు రేవు దాటకుండా ఆగిపోయాయి. మిగిలిన అయిదూ సముద్రంలోకి దూసుకుపోయాయి. అప్పుడు గాని ఆమె తాళంచెవి తీసుకుని నీళ్ళలోకి దిగలేదు. బేడీ తీసి, స్వర్ణలతను జుట్టు పట్టుకుని నిచ్చెన మీదికి లాగింది.

చీకటి పడకముందే ఓడ దొరికింది. పైకెత్తిన మూడు బోట్ల అడుగున గీకిన చోటల్లా గులాబీ రంగే.

స్వర్ణలత బతికే ఉందా అని చీఫ్ అడిగాడు.

"ఉందండి. ఉప్పునీళ్ళు బాగా తాగింది. ఆవిడేం ఇత్తడి కాదు కదండీ, గుల్లబారిపోవడానికి."